గోరు నొక్కి చూసిన చేయి

మనుషులకు కృతజ్ఞత తెలుపనివాడు అల్లాహ్‌కు సైతం కృతజ్ఞుడు కాజాలడని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. అబూ దావూద్, తిర్మిజీ సంకలనాలలో ఉన్న ఈ హదీసును ఇరవై ఏళ్ళకు పైగా మదర్సా పిల్లలకు కంఠస్థం చేయిస్తున్నాను. అయినా గత వర్షాకాలంలో మా చిన్నవాణ్ణి ఆసుపత్రి నుండి ఇంటికి తెచ్చుకున్న రోజున అది నాకు జ్ఞప్తికి రాలేదు. బిల్లు కట్టాను, మందుల చీటీ తీసుకున్నాను, ఆటో పిలిచాను. ఇల్లు చేరగానే రెండు రకాతుల షుక్రానా నమాజు చేశాను. సలాం చెప్పి లేచేసరికి వాడి అమ్మీ అడిగింది: “ఆ సిస్టరమ్మకు ఏమని చెప్పి వచ్చారు?”

ఏమీ చెప్పలేదు.

వాడికి ఎనిమిదేళ్ళు. వచ్చింది డెంగీ. మూడు రోజులు నిప్పులా కాలిన ఒళ్ళు నాలుగో రోజున చల్లబడింది. అల్‌హందులిల్లాహ్ అనుకుని బంధువులందరికీ ఫోన్లు చేశాము. ఆ సాయంత్రం పిల్లల వార్డులో డ్యూటీకి వచ్చిన నర్సు ముఖంలో మాత్రం మా సంతోషం కనిపించలేదు. “అమ్మా, ఈ జబ్బులో జ్వరం తగ్గినప్పుడే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి. రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోయేది ఇప్పుడే. ఒకటి రెండు రోజులు దాటనివ్వండి” అని నెమ్మదిగా చెప్పారు. చూడవచ్చిన వారందరూ ప్లేట్‌లెట్లు ఎన్ని అని అడిగేవారే. బొప్పాయి ఆకు రసం తెచ్చినవారు ఇద్దరు. ఆమె ఎవరినీ కసరలేదు. సీసాను కిటికీలో పెట్టించి, గంటగంటకూ వాడి మూత్రం కొలిచి రాసుకున్నారు, బీపీ చూశారు. ప్రతిసారీ వాడి గోరు నొక్కి వదిలి, తెల్లబడిన చోటికి ఎరుపు ఎంతసేపటికి తిరిగి వస్తుందో గమనించారు. వార్డు నిండా పిల్లలు. నర్సులు ఇద్దరే.

అర్ధరాత్రి దాటింది. వాడు నిద్రపోతున్నాడనుకుని నేను తస్బీహ్ తిప్పుకుంటున్నాను. ఆమె వచ్చి గోరు నొక్కారు. ఎరుపు తొందరగా రాలేదు. పాదాలు తాకి చూశారు, చల్లగా ఉన్నాయి. బీపీ తొంభై, డెబ్భై. తొంభై ఉంది కదా అన్నాను. “పై అంకె ఒక్కటే కాదండీ, రెండింటి మధ్య ఎడం చూడాలి. ఇరవైకి పడింది” అని, డాక్టరుగారిని నిద్ర లేపించారు. మరో సెలైన్ పెట్టాలంటే నరం దొరకలేదు. వాడు కెవ్వున ఏడ్చాడు. నాకు చేతనైనది ఒక్కటే. వాడి తలపై చేయి ఉంచి సూరా ఫాతిహా చదవసాగాను. పనికి అడ్డమవుతున్నానేమోనని ఆపబోయాను. “ఆపకండి సార్. మీ గొంతు వింటుంటే బాబు కదలడం లేదు” అన్నారామె. మెడలో చిన్న శిలువ ఉంది. సూది ఎక్కింది. ఫజ్ర్ వేళకు వాడి పాదాలు వెచ్చబడ్డాయి.

ఈ సంగతి చెబితే మా బంధువొకరు, “జీతం తీసుకుంటుంది, పని చేసింది, అందులో విశేషమేముంది?” అన్నారు. నేనూ జీతం తీసుకునే పాఠం చెబుతున్నాను. అయినా నా శిష్యుడి తండ్రి ఎవరైనా బజారులో ఎదురుపడి సలాం చేయకుండా పోతే మనసు చివుక్కుమంటుంది! మదర్సాలో పెద్ద తరగతి కుర్రవాడు అడిగిన ప్రశ్న ఇంతకంటే మేలైనది: ఆమె ముస్లిమ్ కాదు కదా హజ్రత్, ఈ హదీసు ఆమెకూ వర్తిస్తుందా?

వాడికి ముత్‌ఇమ్ బిన్ అదీ వృత్తాంతం చెప్పాను. తాయిఫ్‌లో రాళ్ళ దెబ్బలు తిని తిరిగివచ్చిన దైవప్రవక్త (స)కు మక్కాలో అడుగుపెట్టడానికి రక్షణ కల్పించినవాడు ఆయన. ఇస్లాం స్వీకరించకుండానే మరణించాడు. బద్ర్ యుద్ధం ముగిశాక, ముత్‌ఇమ్ బతికి ఉండి ఈ ఖైదీల కోసం తనను అడిగి ఉంటే వారిని ఆయన కోసం వదిలిపెట్టి ఉండేవాడినని దైవప్రవక్త (స) అన్నట్లు బుఖారీలో ఉంది. ఉపకారం చేసిన మనిషి లేకపోయినా, ఆ ఉపకారం మరుగున పడలేదు. కుర్రవాడు తల ఊపాడు. నేను మాత్రం ఆ పూట పాఠం త్వరగా ముగించాను. చెప్పేవాడికే సిగ్గు వేసింది.

మరుసటి శుక్రవారం జుమా తర్వాత ముగ్గురమూ ఆసుపత్రికి వెళ్ళాము. వాడి అమ్మీ సేమియా చేసి డబ్బాలో పెట్టింది. ఆమెను అప్పుడే పుట్టిన పిల్లల వార్డుకు మార్చారట. తలుపు బయట చాలాసేపు నిలబడ్డాము. చెప్పవలసిన మాటలు దారి పొడుగునా కూర్చుకున్నాను, మంచి తెలుగులోనే. ఆమె బయటికి రాగానే ఒక్కటీ నోట రాలేదు. “ఆ రోజు చెప్పకుండా వెళ్ళిపోయామమ్మా” అని మాత్రం అనగలిగాను.

ఆమె నా మాట విన్నారో లేదో తెలియదు. అప్పటికే వాడి చేయి అందుకుని, అలవాటు కొద్దీ కాబోలు, బొటనవేలి గోరు నొక్కి వదిలారు. ఎరుపు వెంటనే వచ్చింది. అప్పుడు నవ్వారు.