ఒకవైపు టికెట్ విద్యానిధి

విదేశాల్లో చదివే పిల్లలకు తెలంగాణ సర్కారు ఇచ్చే విదేశీ విద్యానిధి మీద ఏటా ఒకే తగువు. అధికారంలో ఉన్నవారు ఎంతమందిని పంపామో చెబుతారు, ప్రతిపక్షంలో ఉన్నవారు ఎంత బకాయి పెట్టారో చెబుతారు. కుర్చీలు మారితే కాగితాలు చేతులు మారతాయి. మధ్యలో పెద్దమనుషులు కొందరు లేచి, జనం సొమ్ముతో పిల్లల్ని అమెరికాకు పంపి అక్కడే వదిలేయడం ఎందుకని నిట్టూరుస్తారు. వీరిలో ఒక్కరైనా ఆ పథకం నిబంధనలు చదివినట్టు లేదు. చదివితే రెండు విషయాలు కంటబడేవి. సర్కారు ఒక్కొక్కరికి ఇచ్చే 20 లక్షలు డిగ్రీ పూర్తయిన తర్వాత పీజీకో పీహెచ్‌డీకో వెళ్లేవారికే. విమాన ఛార్జీ ఒకవైపుకే.

పోవడానికి టికెట్ ఉంది, రావడానికి లేదు. సివిల్ ఇంజనీరింగ్ చదివే పిల్లల విషయంలో ఇంతకంటే తెలివితక్కువ ఏర్పాటు ఇంకోటి ఉండదు.

నారాయణఖేడ్‌లో నిలబడి చూస్తే సివిల్ చదివేవారి గురించే ఎందుకు అంటున్నానో అర్థమవుతుంది. ఎగువన సింగూరు, దిగువన నిజాంసాగర్, నడుమ మంజీర. సింగూరు నీళ్లు హైదరాబాద్ తాగింది, నిజాంసాగర్ నీళ్లతో నిజామాబాద్ వరి పండించింది. ఖేడ్‌ది మెరక నేల, ఎత్తిపోస్తే తప్ప నీరెక్కదు. బసవేశ్వర ఎత్తిపోతలకు 2022 ఫిబ్రవరి 21న ఇక్కడే శంకుస్థాపన చేశారు, 1.65 లక్షల ఎకరాలు తడుపుతామన్నారు. చేలు ఇంకా మొగులు వైపే చూస్తున్నాయి. సివిల్ ఇంజనీర్ల అవసరం ఎక్కడుందని అడిగేవారు ఒకసారి ఈ దారిన రావాలి.

ఇప్పుడు అందరూ మరిచిన ఒక సంవత్సరం గురించి. 1896. ఆ ఏడాది నిజాం ప్రభుత్వం మీర్ అహ్మద్ అలీ అనే 19 ఏళ్ల కుర్రవాడికి స్కాలర్‌షిప్ ఇచ్చి ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కాలేజీకి పంపింది. గమనించండి, ఇంజనీరయ్యాక పంపలేదు, ఇంజనీరు కావడానికి పంపింది. 1899లో అతను తిరిగొచ్చి ప్రభుత్వ కొలువులో చేరాడు. ఆయనే నవాబ్ అలీ నవాజ్ జంగ్. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆయన చేతి పనే. 2014 నుంచి ఆయన పుట్టినరోజు జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నాం. ఏటా పటానికి దండ పడుతుంది. 1896 అనే మాట మాత్రం ఏ వేదిక మీదా వినపడదు.

ఆనాడు అలాంటి అవకాశాలు ఎక్కువగా పెద్దిళ్లకే దక్కేవన్నది నిజం. ఈనాడు ఖేడ్ తండా పిల్లకు దక్కాలనడానికి అది కారణమవుతుంది గానీ, ఎవరికీ వద్దనడానికి కాదు. నేనడిగేది చదువు మధ్యలో ఒక్క ఏడాది విదేశంలో.

బ్రిటన్‌లో ఇంపీరియల్ కాలేజీ సివిల్ విభాగంలో ‘ఒక ఏడాది విదేశంలో’ అని ప్రత్యేకంగా ఒక కోర్సే ఉంది. నాలుగేళ్లలో ఒక ఏడు వేరే దేశపు విశ్వవిద్యాలయంలో చదివి, సొంత కాలేజీ పట్టానే పుచ్చుకుంటారు. మన దగ్గర కుదరదా? కుదురుతుంది. యూజీసీ 2022లో తెచ్చిన ట్విన్నింగ్ నిబంధనల ప్రకారం విదేశీ విశ్వవిద్యాలయంలో 30 శాతం దాకా క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. నాలుగేళ్లలో ఒక ఏడు అంటే 25 శాతమే. యూజీసీని విడిగా అనుమతి అడగకుండా ఒప్పందం చేసుకోవడానికి, విద్యాసంస్థలకు గ్రేడులిచ్చే నాక్‌లో 3.01 చాలు, ఉస్మానియాకు 2017లోనే 3.52 వచ్చింది. తలుపు తీసే ఉంది, దారి ఖర్చులిచ్చేవాడే లేడు. పది వేల ర్యాంకు దాటిన బీసీ విద్యార్థికి సర్కారు కట్టే బీటెక్ ఫీజు ఏడాదికి 35 వేలు. ఆ ఫీజుల బకాయిల కోసమే 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు మూతపడ్డాయి. ఆ ఇంటి పిల్ల సొంత డబ్బుతో విమానమెక్కుతుందా?

జర్మనీ సర్కారు విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. వీసా కోసం ఏడాది ఖర్చుల కింద చూపమనేది 11,904 యూరోలు, మన లెక్కలో పన్నెండు లక్షల చిల్లర. ఇప్పుడు ఒక్కరికిస్తున్న 20 లక్షల్లో ఆ ఖర్చు, రానూపోనూ టికెట్ పోగా ఇంకా మిగులుతుంది. అసలు లాభం డబ్బులో కాదు. పీజీకి వెళ్లినవాడిని వెనక్కి రప్పించేది ఏదీ లేదు. మూడో ఏడు వెళ్లిన పిల్ల నాలుగో ఏడుకు రాకపోతే పట్టా చేతికి రాదు. వలస పోతున్నారని వాపోయే పెద్దమనుషులకు ఈ చిన్న సంగతి ఎందుకు తట్టదో నాకు అర్థం కాదు.

ఇంజనీర్ విశ్వేశ్వరయ్య విదేశంలో చదవకుండా, పూనాలో చదివే అంతవారయ్యారు కదా అంటారు. అయ్యారు. 1898లోనే జపాన్ వెళ్లి చూసి వచ్చిన మనిషి కూడా ఆయనే. అలా చూసి నేర్చుకోవాల్సింది ఎంతో ఉంది.

నెదర్లాండ్స్‌లో ఓస్టర్‌స్కెల్డె అనే అడ్డుకట్ట ఉంది, 1986లో ప్రారంభమైంది. సముద్రపు ఇసుక మీద 65 పియర్లు. వాటిని నిలబెట్టే ముందు అడుగున ఇసుకను కుదించి, అది కోసుకుపోకుండా పెద్ద పెద్ద పరుపులు పరిచారు. దాన్ని కళ్లారా చూసిన విద్యార్థికీ, పరీక్ష ముందురోజు గైడులో పునాది కింద నీటి ఊట గురించి బట్టీ పట్టిన విద్యార్థికీ తేడా ఉండదంటారా? మన గోదావరి ఇసుక మీద కట్టిన మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబరు 21న పియర్లు కుంగాయి. ప్రణాళికలో, డిజైన్‌లో, నాణ్యతలో, నిర్వహణలో లోపాలున్నాయని జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ చెప్పింది. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. తప్పెవరిదో తేల్చేవారు తేల్చనీయండి. వేల కోట్లు మట్టిలో, నీళ్లలో పోసే రాష్ట్రం, రేపు ఆ మట్టినీ నీటినీ లెక్కగట్టాల్సిన పిల్ల చదువుకు ఒక్క ఏడాది ఖర్చు పెట్టలేనంటోంది. డబ్బు లేక కాదు, అదే డబ్బు ఒకవైపు టికెట్ మీద పెడుతోంది. 1896లో ఒక రాచరికానికి ఉన్నపాటి ముందుచూపు లేనందుకు ఈ ప్రభుత్వాలు సిగ్గుపడాలి.

జూలై 11 మళ్లీ వస్తుంది. ఆ రోజు దండ వేసే మంత్రిగారికి ఒక్క మనవి. విద్యానిధి జీవోలో మార్చాల్సినవి రెండే: డిగ్రీ పూర్తయినవారితో పాటు బీటెక్ సివిల్ మూడో ఏడు చదివేవారికి కూడా అని చేర్చండి, ఒకవైపు అన్నచోట రెండువైపులా అని రాయండి.