ప్రొపిషియేషన్ అంటే ఏమిటి?



మన సంఘంలో ఇంగ్లీషు మీడియం పిల్లలు ఇప్పుడు ఫోనులో కింగ్ జేమ్స్ బైబిలు చదువుతున్నారు. మాకు సంతోషమే. అయితే 1 యోహాను 2:2 దగ్గరకు వచ్చేసరికి ఒక మాట వారిని ఆపేస్తోంది: ప్రొపిషియేషన్. డిక్షనరీలో చూస్తే, కోపంగా ఉన్నవారిని శాంతింపజేయడం అని ఉంటుంది. అది నోటుబుక్కులో రాసుకొని ముందుకు వెళ్లిపోతున్నారు. అంతటితో మాట వచ్చేసినట్టు కాదని మా అభిప్రాయం.

డిక్షనరీలో దొరికేది సగం అర్థమే. మిగతా సగం, ఆ మాటను ఎక్కడ ఎలా వాడారో చూస్తేనే తెలుస్తుంది. లోకరీతిగా చూస్తే, తప్పు చేసినవాడే కానుక పట్టుకొని వెళ్లి ఎదుటివారి కోపం చల్లార్చుకోవాలి. 1 యోహాను 4:10లోనూ ఇదే మాట ఉంది. కానీ అక్కడ తప్పు మనది, తన కుమారుని పంపింది దేవుడు. ఈ సంగతి డిక్షనరీ చెప్పదు, వచనమే చెబుతుంది.

మూడోసారి ఈ మాట రోమా 3:25లో వస్తుంది. అక్కడి గ్రీకు మాటే హెబ్రీ 9:5లో మందసం మీది మూతకు పేరు. ఏటా ఒక్కసారి ప్రధాన యాజకుడు రక్తం ప్రోక్షించిన చోటు అదే.

ఇప్పుడు మన తెలుగు బైబిలు తెరవండి. ఆ మూడు వచనాల్లో మూడు మాటలు కనబడతాయి: శాంతికరము, ప్రాయశ్చిత్తము, కరుణాధారము. మందసం మూతకేమో కరుణాపీఠము అని ఉంది. ఇంగ్లీషులో ఒక్క మాటలో ముడిచి ఉన్నదాన్ని మనవాళ్లు విప్పి చేతిలో పెట్టారు.

మేమూ ఒకప్పుడు ప్రసంగంలో ఈ ఇంగ్లీషు మాట పలికి, అర్థం విప్పకుండానే దాటిపోయాం. విన్నవారు తలలూపారు గానీ వారి ఆకలి తీరలేదు. అది మా తప్పే.

యవనస్థులారా, ఇంగ్లీషు నేర్చుకోండి, బాగా నేర్చుకోండి. అయితే అవ్వ చేతిలోని తెలుగు బైబిలును పాతదని చిన్నచూపు చూడకండి. మీరు వెతుకుతున్న అర్థం ఆమె ఎన్నో ఏళ్లుగా చదువుతోంది. ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఈ మూడు వచనాలు మీరు ఇంగ్లీషులో చదవండి, అవ్వను తెలుగులో చదవమనండి. ఆమెకు చూపు ఆనకపోతే మీరే చదివి వినిపించండి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.