నేల ఉసిరి పొట్లంలో ఉన్నదేమిటి?

ఈ వారం తమిళనాడులోని మా కృష్ణగిరి జిల్లా వేప్పనపల్లి అంగట్లో, కామెర్లకు వాడే నేల ఉసిరి పొడి పొట్లం ఒకటి కొన్నాను. పైన తమిళంలో కీళానెల్లి, కింద శాస్త్రనామం ఫిలాంథస్ నిరూరి. ఆ రెండో పేరు చూసి ఒళ్లు మండింది. నిరూరి అమెరికా ఖండాల మొక్క. మన చేనిగట్ల మీద నేల ఉసిరిగా మొలిచేది ఎక్కువగా ఫిలాంథస్ అమారస్. మన వృక్షశాస్త్రజ్ఞులు ఈ తప్పు దిద్ది నాలుగు దశాబ్దాలైంది. పొట్లాలు మాత్రం మారలేదు.

మందు ఉన్నదీ లేనిదీ ఈ పేరును బట్టే తేలుతుంది. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్లు 2006లో అమారస్‌ను, దాని దాయాదులు రెండింటిని పక్కపక్కన పెట్టి పరీక్షించారు. మందు గుణానికి మూలమనుకునే ఫిలాంథిన్, హైపోఫిలాంథిన్ అనే పదార్థాలు అమారస్‌లోనే దొరికాయి. ఎండి పొడయ్యాక ఏది ఏదో కంటితో ఎవరు చెప్పగలరు? 2010లో అచ్చయిన మరో పరిశోధనలో దక్షిణాది అంగళ్లు 25 చూస్తే, ఆరింటి సరుకులో వేరే జాతులున్నాయి. మిగతావి బాగున్నాయి కదా అంటారు. ఆ ఆరు అంగళ్లకు వెళ్లిన రోగి మాటేమిటి?

1988లో మద్రాసులో త్యాగరాజన్ బృందం హెపటైటిస్ బి వైరస్ ఉన్న 37 మందికి అమారస్ ఇస్తే, 22 మంది రక్తంలో వైరస్ జాడ పోయిందని లాన్సెట్ వైద్యపత్రికలో రాశారు. తర్వాత వేరేచోట్ల ఆ ఫలితం రాలేదు. మొక్క అదేనా, కోసిన కాలం అదేనా అని తేల్చకుండా మూలికనే కొట్టిపారేయడం అన్యాయం.

మా అవ్వ నేల ఉసిరి కోసేటప్పుడు, కాడ ఎర్రగా, కాయ గరుకుగా ఉన్నదాన్ని ముట్టేది కాదు. ఆ తేడాలన్నీ ఆమెకు తెలుగులోనే తెలుసు. బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత మా పల్లె బడుల్లో తెలుగు మూలకు చేరింది. పిల్లలు తమిళం నేర్వాలి, సంతోషమే. తెలుగు ఎందుకు పోవాలి? అవ్వ మాటలు పోతే ఆమె గుర్తుపట్టిన మొక్కలూ పోతాయి.

పొట్లం మీద సరైన జాతి పేరు, ఫిలాంథిన్ ఎంతుందో అచ్చు వేయించాలి. కొనే ముందు మీరూ అడగండి. కళ్లు పచ్చబడితే మాత్రం పొట్లం పక్కన పెట్టి, ముందు కృష్ణగిరి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి.