సముద్రం లేని ద్వీపాలు.. మన కొండల మీద మొక్కలకు ముప్పు ఎందుకు ఎక్కువ?

సికింద్రాబాద్ దాటి మౌలాలి వైపు వెళ్తే ఇళ్ల మధ్యలో ఒంటరిగా గ్రానైట్ గుట్ట కనిపిస్తుంది. ఇలాంటి గుట్టల్ని శాస్త్రవేత్తలు ‘ఇన్సెల్‌బర్గ్’ అంటారు. జర్మన్‌లో ‘ద్వీప పర్వతం’ అని అర్థం. చుట్టూ నీళ్లు లేకపోయినా, మొక్కల దృష్టిలో ఇది నిజంగా ద్వీపమే.

ద్వీపమైతే ఏంటి ప్రమాదం? 2019లో బ్రిటన్‌లోని క్యూ గార్డెన్స్, స్వీడన్‌లోని స్టాక్‌హోం యూనివర్సిటీ పరిశోధకులు ఒక లెక్క బయటపెట్టారు. దాదాపు 250 ఏళ్లలో 571 మొక్క జాతులు భూమ్మీద లేకుండా పోయాయి. ఇదే కాలంలో అంతరించిన పక్షులు, క్షీరదాలు, ఉభయచరాలు అన్నీ కలిపినా అందులో సగం కూడా లేవు. ఒక్క హవాయి దీవుల్లోనే 79 జాతులు పోయాయి.

దీవుల్లో మొక్కలు మేసే జంతువులు లేని చోట పెరిగాయి. ఓడల్లో మేకలు దిగేసరికి తట్టుకోలేకపోయాయి. అట్లాంటిక్‌లోని సెయింట్ హెలెనా దీవిలో జరిగింది ఇదే. మేకల మేత, చెట్ల నరికివేత కలిసి అక్కడి అడవిని తినేశాయి. ఆ దీవికే ప్రత్యేకమైన ‘సెయింట్ హెలెనా ఆలివ్’ అడవిలో చివరి చెట్టు 1994లో చనిపోయింది. తోటలో పెంచినది కూడా 2003లో పోయింది. సొంత పుప్పొడితో సరిగ్గా గింజ కట్టలేని చెట్టు అది. ఒక్కటే మిగిలిందంటే కథ దాదాపు అయిపోయినట్టే.

ఖండాల్లో లెక్క వేరు. ఇక్కడ అడవి కొట్టి పొలం, ఊరు, క్వారీ చేయడమే ప్రధాన కారణం. అయితే ఒకచోట పోయినా మొక్క మరోచోట బతికే ఛాన్స్ ఉంటుంది. అన్ని మొక్కలకూ ఆ ఛాన్స్ లేదు.

శేషాచలం కొండలే చూడండి. ఎర్రచందనం అనగానే స్మగ్లర్లు, ఎన్‌కౌంటర్లు గుర్తొస్తాయి, సినిమా సంగతి సరేసరి. సహజంగా ఆ చెట్టు పెరిగేది దక్షిణ తూర్పు కనుమల్లో మాత్రమే. దాని పక్కనే పెద్దగా వార్తల్లోకి రాని మొక్క ఒకటుంది. పేరు మదన కామాక్షి. ఈత చెట్టులా కనిపించే సైకాస్ జాతి. తిరుపతి, కడప కొండలే దాని ఇల్లు. అంతర్జాతీయ వ్యాపారంపై అత్యంత కఠినమైన ఆంక్షలున్న సైటిస్ మొదటి జాబితాలో ఉంది.

ఇందులో ఆడ మొక్క, మగ మొక్క వేర్వేరు. నాటు మందుల కోసం కోసుకెళ్లేది మగ మొక్క కంకిని. మొక్క అక్కడే ఉంటుంది, పచ్చగానే కనిపిస్తుంది. కానీ పుప్పొడి లేక ఆడ మొక్కకు గింజ పట్టదు. దీనికి తోడు ఎండాకాలం మంటలు. 2014 మార్చిలో తిరుమల అడవి అంటుకుంటే ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ముదురు సైకాస్ కాలినా మళ్లీ చిగురిస్తుంది. లేత మొక్క అయితే అంతే సంగతి.

మళ్లీ సికింద్రాబాద్‌కు వద్దాం. ఇక్కడి గుట్టల పగుళ్లలో వానాకాలం మొలిచే చిన్న మొక్కలకు గుప్పెడు మట్టే ఆధారం. గుట్టను పేల్చి అపార్ట్‌మెంట్ కడితే పక్క గుట్టకు గింజ చేరే దారి ఉండదు, మధ్యలో అంతా రోడ్లే. రాళ్లను కాపాడాలంటూ ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ 1996 నుంచి హైదరాబాద్‌లో పనిచేస్తోంది. గుట్ట పోతే పాత ఫొటో చూసైనా గుర్తుపట్టొచ్చు. పగుల్లో మొక్కకు ఆ ఫొటో కూడా ఉండదు. దక్కన్‌లో వేరే గుట్టల మీద బతికే మొక్కలైతే ఫర్వాలేదు. మదన కామాక్షికి మాత్రం ఇంకో కొండ లేదు.