‘సాధారణ వర్షపాతం’ ఎవరి చేలో?

2002 నైరుతికి సగటులో 101 శాతం వాన అన్నారు, పడింది 81. 2009లో 96 అన్నారు, పడింది 78. మనం పెట్టిన విత్తనం మాత్రం నూటికి నూరు శాతం.

2017లో మహారాష్ట్రలోని బీడ్ జిల్లా రైతులు, మంచి వానలన్న మాట నమ్మి విత్తి మునిగామంటూ వాతావరణ శాఖపై ఏకంగా పోలీసు స్టేషన్‌కే వెళ్లారు. నవ్వొచ్చినా మేము వాళ్ల పక్షమే. మబ్బును బోనెక్కించలేరు కదా!

అసలు చిక్కంతా ‘సాధారణం’ అనే మాటలోనే ఉంది. జూలై అంతా ఎండబెట్టి, పత్తికాయ పగిలే సెప్టెంబరులో కుండపోత పోసినా, కలిపి లెక్కేస్తే సాధారణమే. పంచాంగం చెప్పేదీ ఇంతే, పైగా అక్కడ ఉగాది పచ్చడి పెడతారు.

మండలానికి, వారానికి పనికొచ్చే సూచన కావాలి. అది తప్పి మళ్లీ విత్తాల్సివస్తే, రెండో విత్తనం ఖర్చు సర్కారే భరించాలని సంఘం తరఫున అడుగుతున్నాం.