దొందూ దొందే కాదు

పసిబిడ్డకు గుడ్డ డైపరు కట్టినా, వాడి పారేసేది తొడిగినా పర్యావరణానికి నష్టం ఒకటేనన్న మాట బాగా పాతుకుపోయింది. గుడ్డ ఉతకడానికి నీళ్లు, కరెంటు, సబ్బుపొడి ఖర్చవుతాయి కనుక లెక్క సరికి సరి అన్నది ఆ వాదన. దీనికి బలమిచ్చింది బ్రిటన్‌లో వచ్చిన ఒక అధ్యయనం. అక్కడి ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ 2005లో వెలువరించిన అధ్యయనం రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. ఆ ముగింపు జనం నోళ్లలో నిలిచింది. దాని వెనకున్న షరతులను ఎవరూ పట్టించుకోలేదు.

2008లో అదే ఏజెన్సీ లెక్కలు సవరించింది. రెండున్నరేళ్ల వాడకానికి పారేసే డైపర్ల వల్ల సుమారు 550 కిలోల, గుడ్డవాటి వల్ల సుమారు 570 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు వెలువడతాయని చెప్పింది. కానీ ఆ 570 సగటు అంకె. మెషిన్ నిండా వేసి ఉతికి, ఆరుబయట ఆరేసి, అవే గుడ్డలు రెండో బిడ్డకూ వాడితే దాదాపు 200 కిలోలు తగ్గుతుంది. ప్రతిసారీ డ్రయ్యర్‌లో ఆరబెడితే సుమారు 250 కిలోలు పెరుగుతుంది. పారేసే డైపరుకు ఈ వెసులుబాటు లేదు. దాని భారంలో పెద్ద భాగం కొనకముందే, తయారీలోనే పడిపోతుంది. 2023లో బ్రిటన్ ప్రభుత్వం ప్రచురించిన అధ్యయనంలోనైతే గుడ్డవి 345 కిలోలకు దిగాయి, పారేసేవి 457 దగ్గర ఉన్నాయి.

మన ఇళ్లలో దండెం మీద ఎండకు ఆరే పొత్తిగుడ్డకు డ్రయ్యరు లెక్క అంటగట్టడం అన్యాయం. పాత నూలుచీర చింపి చేసిన గుడ్డకైతే కొత్తగా పత్తి పండించాల్సిన పనీ లేదు. నీటి ఇబ్బంది మాత్రం నిజమే. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే హైదరాబాద్ ఇంట్లో రోజూ గుడ్డలుతకడం కష్టం. అలాంటి చోట కొన్ని పూటలు పారేసేవి వాడుకోవచ్చు. అంతమాత్రాన రెండూ సమానమైపోవు.

ఇక చెత్త సంగతి. వాడిన డైపరు చింపితే కలపగుజ్జు మధ్య ఉబ్బి జావలా మారిన గుళికలు కనిపిస్తాయి. అవి పెట్రోలియం నుంచి తయారయ్యే సోడియం పాలీఅక్రిలేట్. పైన ప్లాస్టిక్ పొరలు. ఈ డైపరు కుళ్లి ఎరువు కాదు, తడివల్ల సరిగా కాలదు. ఇలాంటివి పొట్లం కట్టి పొడిచెత్తలో వేయాలనీ, అందుకు కవర్లు తయారీదార్లే ఇవ్వాలనీ మన దేశంలో 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు ఆదేశించాయి. చుట్టకుండా తడిచెత్తలో పడేస్తే మలంతో సహా చేత్తో ఏరాల్సి వచ్చేది పారిశుద్ధ్య కార్మికులకే. గుడ్డకంటిన మలం ఇంటి మరుగుదొడ్డిలోనే పోతుంది.