పదిహేను నెలలతో ఆగే గడువు
2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, పాలిచ్చే తల్లికి పనివేళల్లో రెండు విరామాలను బిడ్డకు 15 నెలలు నిండేవరకే ఇచ్చి, పాత ప్రసూతి చట్టంలోని గడువునే కొనసాగించింది. రెండేళ్లు, ఆపైన కూడా తల్లిపాలు ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నప్పుడు ఈ గడువు ఏ బిడ్డకూ చాలదు. పాల అలర్జీ ఉన్న బిడ్డకైతే ఇది అన్యాయమే. ఏడాది నిండిన పిల్లలకు మన ఇళ్లలో పాలు, పెరుగన్నమే ప్రధాన ఆధారం. ఆవుపాలు సరిపడని బిడ్డకు సాధారణంగా గేదెపాలూ పడవు. ప్రత్యేక ఫార్ములా డబ్బా మధ్యతరగతికే భారం, కూలి కుటుంబానికి అందని మాట. తల్లిపాలు అలర్జీని నయం చేయవు, నిజమే; కానీ పాలు, పెరుగు మానిన బిడ్డకు ఆ లోటును కొంతైనా పూడుస్తాయి. కొందరు తల్లులు వైద్యుల సలహాపై తామూ పాలపదార్థాలు మాని, క్యాల్షియం మాత్రలు వేసుకుంటూ బిడ్డకు పాలిస్తున్నారు. అలాంటి తల్లిని ‘ఇంకా ఎన్నాళ్లు?’ అని ఇంట్లోవారు చిన్నబుచ్చడం తగదు. కేంద్రం ఈ గడువును రెండేళ్లకు పెంచాలి. పాల అలర్జీ లక్షణాలను గుర్తించి పిల్లల వైద్యుల దగ్గరికి పంపేలా అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇవ్వాలి. చట్టం మారేదాకా ఆగకుండా తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు తమ కార్యాలయాల్లోనైనా రెండేళ్ల వరకు ఈ విరామాల వెసులుబాటును వెంటనే కల్పించాలి.